ఆ ఆవకాయ జాడీ

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పలేదు, తోటి నర్సులకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇక మందులు పనిచేయవని తేలినవాళ్ల ఇళ్లకు వెళ్లి నొప్పి తగ్గించడం నా పని. ఒళ్లు తుడుస్తాను, పుండ్లు కడుగుతాను, కాసేపు కబుర్లాడతాను. "ఎట్ల చేస్తవే తల్లీ ఆ పని" అని మా అత్తగారు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు. నాకిష్టం. రాత్రి హాయిగా నిద్రపడుతుంది కూడా. ఈ ఒక్కటి గుర్తురాకపోతే.

పెనుబల్లి దగ్గర ఒక మిరప రైతు తల్లికి కడుపులో క్యాన్సర్. మొదటిరోజే కొడుకు నన్ను గేటు దగ్గర ఆపాడు. అమ్మకు అల్సర్ అని చెప్పామని, నిజం తెలిస్తే ఆ బెంగతోనే పోతుందని, చెప్పనని మాటివ్వమని అడిగాడు. చేతిలో చెయ్యి వేసి ఇచ్చాను. మా పనిలో ఇది మామూలే. చాలా ఇళ్లలో జబ్బు పేరు రోగికి తప్ప అందరికీ తెలుసు.

మామిడి పూత మీదున్న రోజులు. ఒక ఉదయం వీపు తుడుస్తుంటే ఆమె తల తిప్పకుండానే అడిగింది.

"బిడ్డా, ఆవకాయ పెట్టేదాకా ఉంటనా?"

"ఏం మాటలమ్మా అవి? పుండు మానితే లేచి తిరుగుతరు."

"వాడు చెప్పమన్నది చెప్పకు. నాకు పనులున్నయ్. టైమెంతుందో తెల్వకపోతే ఎట్ల?"

తడిగుడ్డ పక్కన పెట్టాను. మాటిచ్చింది కొడుక్కి. కానీ ఒళ్లు ఎవరిది? పోయేది ఎవరు?

"ఉంటరమ్మా. మళ్లొచ్చే ఏడు కాయకు మాత్రం ఉండరు."

"అవ్. నేను గట్లనే అనుకున్న." ఏడవలేదు. "నాకు తెల్సిందని నేనున్నన్ని దినాలు వానికి చెప్పకు. తట్టుకోలేడు" అంది.

ఆ తర్వాత ఆమె ముఖంలో వచ్చిన తేటదనం నేను మర్చిపోలేను. కాయ దిగగానే వాకిట్లో మంచం వేయించుకుంది. కోడలు చేస్తానన్నా వినకుండా కొడుకునే కూర్చోబెట్టి ఆవకాయ కలిపించింది. కారమెంత, ఆవపిండెంత, ఉప్పెంత, అన్నీ చెప్పి. "నాకెందుకే ఈ పని?" అని అతను విసుక్కుంటుంటే నవ్వింది. వేడన్నంలో మొదటి ముద్ద తన చేత్తో అతని నోట్లో పెట్టింది. నేనక్కడే ఉన్నాను. అందరం నవ్వాం. పదిరోజులకు, మధ్యాహ్నం నిద్రలో, నొప్పి లేకుండా కన్నుమూసింది. అందుకు నాకు గర్వమే.

పెద్దకర్మ అయ్యాక కొడుకు ఆ ఆవకాయే ఒక జాడీ నింపుకుని దవాఖానాకు వచ్చాడు.

"మాట నిలబెట్టుకున్నరు సిస్టరమ్మా. అమ్మకు తెల్వకుండనే పోయింది." జాడీ నా చేతిలో పెట్టాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్కటే బాధ. తెలిసుంటే నాకేమన్న చెప్పి పోయేది. ఏం చెప్పకుండ పోయింది."

ఆమెకిచ్చిన మాట ఆమెతోనే తీరిపోయింది. నన్ను ఆపేవాళ్లు లేరు. ఆమెకు తెలుసు, అందుకే మీతో కలిపించింది, ఆ ముద్దే ఆమె చెప్పిన మాట అంటే చాలు. నేనేమన్నాను? "బాధపడకండి" అన్నాను. జాడీ తీసుకున్నాను.

ఎందుకు? ఉద్యోగం పోతుందనా? ఉంది ఆ భయం. మాట తప్పానని తెలిస్తే అతను ఛీ అంటాడనా? అదీ ఉంది. కానీ ఇన్నేళ్లు తిప్పి తిప్పి చూసుకుంటే, అతను నన్ను అంత మంచిదాన్ని చేసి చూస్తున్నాడే, ఆ చూపు పోగొట్టుకోబుద్ధి కాలేదు. అంతే. ఆమెకు నిజం చెప్పినందుకు నాకు ఏ చింతా లేదు. రేపు ఇంకొకరు అడిగినా చెబుతాను. నా తప్పు జాడీ తీసుకోవడం.

ఆ ఏడాదంతా తిన్నాం. చాలా బాగుంది. అది ఇంకా సిగ్గుగా ఉంది.

తల్లి ఏమీ చెప్పకుండా పోయిందనే అతను ఈ వేసవిలో కూడా అనుకుంటూ ఉంటాడు. పెనుబల్లికి ఇక్కడి నుంచి బస్సులున్నాయి. నేను ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాటివ్వను, నా మాట సంగతి చూశారుగా. ఇవాళ మాత్రం ఇది రాసి, అటక మీది అతని ఖాళీ జాడీ దించి, కడిగి ఎండలో పెట్టాను.