మజ్జిగ స్వామి అడిగిన మాత్ర

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. స్వాముల మీద అంతకన్నా లేదు. దయ్యాలు కనీసం పొద్దున్నే ఫోన్ చేసి భజనకు రమ్మనవు.

పట్టాభిరామ్‌లో ఒక చిన్న కంపెనీలో సీసా మూతలు తనిఖీ చేస్తాను. రోజుకు వేల మూతలు కళ్ల ముందు నుంచి పోతాయి. లోపం కనిపెట్టడమే నా ఉద్యోగం. కళ్లజోడు కూడా లేదు. ఈ సంగతులు ముందే చెప్పడానికి కారణం ఉంది.

తిరువళ్లూరులో అమ్మా నేనూ ఇద్దరమే ఉంటాం. పోయిన ఏడాది అమ్మకు ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు లాగేసింది, ఎడమ చెయ్యి పడిపోయింది. ఆసుపత్రివాళ్లు బతికించారు, చెయ్యి సగం తిరిగొచ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పాడు: ఈ మాత్ర రోజుకొకటి, బతికినంత కాలం, ఒక్క రోజు కూడా మానకూడదు.

ఈ ఎండాకాలంలో ఏకాంబరం మామ దిగాడు. అమ్మకు దూరపు తమ్ముడు. తిరుత్తణి దాటాక ఆర్.కె.పేట పక్కన కొండ కింద మజ్జిగ స్వామి మఠం ఉంది, అక్కడ మామదే పెత్తనం. నలభై ఎనిమిది రోజులు మందు ముట్టకుండా విభూతి నీళ్లు మాత్రమే తాగితే చెయ్యి పూర్తిగా వస్తుందని అమ్మకు చెప్పాడు. అమ్మ ఆ రోజే మాత్రలన్నీ సైడుకాలవలో పారేసింది. కాలవకు మాత్రం ఇంకెప్పుడూ పక్షవాతం రాదు.

పదకొండు రోజులు బతిమాలాను.

"మా, డాక్టరు చెప్పింది మరిచిపోయినావా?"

"డాక్టరుకు చదువుండాది. సామికి శక్తుండాది. నీకేముండాదిరా?"

నాకు కోపం ఉంది. అదొక్కటే ఉంది.

ఆ స్వామి నిజంగా అలాంటివాడే అయితే ఇంత మండేది కాదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, నేను చూడలేదు. మా అమ్మమ్మ చూసింది. ఎవరు ఏ రోగంతో వచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటేనట: "మాత్ర యాడ?" లేదంటే విభూతి ఇచ్చేవాడు కాదు. చెయ్యి పట్టుకొని తిరుత్తణి పెద్దాసుపత్రికి నడిపించుకొని పోయి, వరసలో తనూ కూర్చునేవాడు. మాత్ర తెచ్చినవాళ్లకు గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, ఎదురుగా నిలబడి మింగించి, ఆ తర్వాతే నుదుట విభూతి పెట్టేవాడు. అందుకే మజ్జిగ స్వామి అనే పేరు వచ్చింది. రోగం నయమైతే "డాక్టరుకు దండం పెట్టుకో పో" అని తిట్టి పంపేవాడట.

మఠంవాళ్లు ఆయన చరిత్ర అచ్చు వేశారు. నేను చదివాను. మజ్జిగ ఉంది, విభూతి ఉంది, ఆకాశంలో వెలుగు కూడా ఉంది. మాత్ర లేదు. ఆసుపత్రి లేదు. ఒక మనిషి జీవితమంతా చేసిన పనిని తీసేసి, మిగిలినదానికి దండ వేశారు.

పన్నెండో రోజు పొద్దున అమ్మ ఎడమ చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. ఆటో పిలిచాను. ఎక్కనంది.

"సామి పరీక్ష పెడతా ఉండాడు. మఠం చెప్పకుండా మాత్ర ముట్టను, ఆసుపత్రి గడప తొక్కను."

మామకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పక్కింటి మల్లిక అక్కను మా గుమ్మంలో కాపలా కూర్చోబెట్టాను. మఠం నుంచి రోజూ అమ్మకు ఫోన్లు వస్తాయన్న కచ్చతో ఆమె ఫోన్ లాక్కుని నా జేబులో వేసుకున్నాను. మందుల షాపులో కొత్త మాత్రల అట్ట కొన్నాను. పది మాత్రలు, చిన్నవి, గులాబీ రంగు. ఆ మామ చేతే "మింగు" అనిపించాలని రెండు బస్సులు మారి వెళ్లాను.

పోయేసరికి మిట్టమధ్యాహ్నం. మఠంలో నరపురుగు లేదు. మామ భోజనానికి వెళ్లినట్టున్నాడు. ఆయన ఆకలికి మండల దీక్ష లేదు. నేల కాలుతోంది. చెప్పులతోనే స్వామి సమాధి దాకా వెళ్లి, అక్కడున్న ఆయన ఫోటో ముఖం మీద అట్ట ఆడించాను.

"లోకమంతటినీ మాత్ర యాడ అని అడిగినావంటనే! మా అమ్మను అడిగేదానికి నోరు పడిపోయిందా? ఇప్పుడు పోయి అడుగు!"

ఫోటో ఏమీ అనలేదు. ఫోటోల అలవాటే అది. అరగంట చూశాను, మామ రాలేదు. తిట్టుకుంటూ తిరుగు బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒరే, సమాధి కాడికి చెప్పులతో పోయినావంటనే? సిగ్గుండాదా నీకు?"

నేను గబుక్కున చెప్పులు విప్పేశాను. నన్ను ఎరిగినవాళ్లకు ఇదే మొదటి అద్భుతం.

మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడట. మజ్జిగ అడిగాడట. ఎండన పడి వచ్చాడు పాపం అని అమ్మ ఇచ్చింది. ఆయన తాగలేదు. గ్లాసు ఆమెకే తిరిగిచ్చి "మాత్ర యాడ?" అన్నాడు. పారేశానంది. ఆయన గుప్పిట్లోంచి ఒకటి తీసి ఇచ్చి, మింగేదాకా కదల్లేదు. చిన్నది, గులాబీ రంగుది.

"'నీ కొడుకు చెప్పులతో వచ్చి నా మొగాన అట్ట ఆడించినాడమ్మా, ఇంగ నా మానం తీయొద్దు, ఆసుపత్రికి పో' అన్నాడు. పద, ఆటో పిలువు."

ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని ఆ సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. చాలా తిట్టాడు, నన్ను.

తర్వాత తనిఖీ మొదలుపెట్టాను. మామ చాటుగా చూసి ఫోన్ చేశాడా? అమ్మ ఫోన్ నా జేబులోనే ఉంది, ఒక్క కాల్ కూడా రాలేదు. మల్లిక అక్క గుమ్మం వదల్లేదు, ఎవరూ రాలేదని ఒట్టు వేసింది. కునుకు తీసి ఉంటుంది, సరే.

ఆసుపత్రి నుంచి వచ్చాక నా చొక్కా జేబులోని అట్ట తీశాను. తొమ్మిది మాత్రలున్నాయి. ఒక గుంట ఖాళీ. వెనక రేకు మాత్రం చిరగలేదు. కంపెనీలోనే ఖాళీగా వచ్చి ఉంటుందని మీరంటారు. నేనూ అదే అనుకున్నాను. కానీ షాపులో ఆ అట్టను నేను అలవాటు కొద్దీ తిప్పి చూశాను, పది లెక్కపెట్టాను. లోపం ఉన్నవి ఏరిపారేసే పనికే నన్ను పెట్టుకున్నారు కదా.

నెల తిరక్కుండా మామ స్వీటు డబ్బాతో వచ్చాడు. చరిత్ర రెండో అచ్చులో ఇది వేస్తాడట.

"సామి వచ్చి విభూతి ఇచ్చినాడని రాస్తాంరా అల్లుడా. మాత్ర అంటే మహిమకు బాగుండదు."

"మామా, ఆయన ఇచ్చింది మాత్ర. విభూతి అని రాస్తే నేను మళ్లీ చెప్పులేసుకొని వస్తా. ఈసారి సమాధి కాడికి కాదు, మీ ఇంటికి."

అద్దాల పెట్టెలో పెట్టడానికి ఆ అట్టయినా ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. స్వీటు డబ్బా మాత్రం ఉంచుకున్నాం.

అది ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకు కోపం ఇంకా తగ్గలేదు. కడుపున పుట్టినవాడు పదకొండు రోజులు ఏడిస్తే వినని మనిషి, చచ్చిపోయిన ముసలాయన ఒక్కసారి అడిగితే విన్నది. ఇప్పుడు రోజూ టిఫిన్ కాగానే మజ్జిగ గ్లాసు పట్టుకొని అమ్మ ఎదురుగా నేనే నిలబడతాను. "మాత్ర యాడ?" అంటాను. మింగేదాకా కదలను.

ఆ అట్టలో మిగిలిన తొమ్మిదీ అమ్మే మింగింది. తొమ్మిది గుంటల రేకూ చిరిగింది. పదోది ఇంకా అలాగే ఉంది.