సముద్రంలో మొలిచిన కొండ

సాక్షులు: డెబ్బై దాటిన అప్పలస్వామి అంకుల్, ఆయన భార్య రమణమ్మ ఆంటీ, సింగపూర్‌లోని టాంపినీస్‌లో వాళ్ల పదో అంతస్తు ఫ్లాట్, వెనక గుడ్డ అతికించిన ఒక పాత సర్వే పటం, నా కంప్యూటర్. ముద్దాయి: నేను. జరిగిన ఘోరం వింటే నా డిగ్రీ మీద మీకున్న గౌరవం పోతుంది. అయినా చెబుతాను.

అవి ఐటీ ఉద్యోగాలు వానలా కురుస్తున్న రోజులు. గొడుగు తిరగేసి పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి; అలా సింగపూర్ వచ్చి అంకుల్ వాళ్ల పక్క ఫ్లాట్‌లో దిగాను. అంకుల్ తాత కోస్తాలోని ఒక గోనెసంచుల మిల్లు ఊరినుంచి సింగపూర్ వచ్చాడు. వస్తూ తెచ్చుకున్నదే ఆ పటం.

"ఒక్కసారి ఆ మిల్లు గుమ్మంలో నిలబడాలి తంబీ. టికెట్ కొనేశాను" అన్నారు అంకుల్.

"ముందు తెరమీద చూద్దురుగాని, ఈ పటంలోంచి ఊరిని ఎత్తుపల్లాలతో సహా లేపి నిలబెడతాను" అన్నాను.

ఫైలు చిన్నదవుతుందని పటాన్ని నలుపు తెలుపుల్లో స్కాన్ చేశాను. దానిమీదున్న ప్రతి అంకెనూ ఎత్తు కింద ఎక్కించాను. మీట నొక్కగానే మిల్లు ముందు హిమాలయాలకు తమ్ముడిలాంటి కొండ లేచింది.

"మా తాత మిల్లు ముందు సముద్రం అనేవాడే?"

"కొండ అవతల ఉంటుంది అంకుల్. కంప్యూటర్ అబద్ధం చెప్పదు."

"మరి మిల్లుకు దారి?"

"ఈ చుక్కల గీత. కొండెక్కి దిగాలి."

మర్నాటినుంచి అంకుల్ లిఫ్టు మానేశారు. పది అంతస్తులు మెట్లమీదే ఎక్కడం, దిగడం. "ప్రాక్టీస్ తంబీ" అనేవారు రొప్పుతూ. మూడు వారాలకు మోకాలు గుమ్మడికాయంత అయింది. వాపు తగ్గకపోతే ప్రయాణం లేదన్నాడు డాక్టరు. అంకుల్ గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆంటీ నన్ను పిలిపించి అసలు పటం పరిచారు.

"ఈ కొండ నీలంగా ఉందేం తంబీ?"

నేను పటంమీదికి వంగాను.

"కొండమీద లంగరు బొమ్మ ఎందుకు?"

"ఆంటీ, ఆ అంకెలు... ఎత్తు కాదు, లోతు."

"దేని లోతు?"

"సముద్రానిది."

"ఆ చుక్కల దారి?"

"పడవలది."

"అంటే మూడు వారాలు మా ఆయన సముద్రం ఎక్కడానికి మెట్లెక్కాడు."

గదిలోంచి అంకుల్ గొంతు వినిపించింది. "కొండ లేదా?"

"లేదు అంకుల్."

"అయితే టికెట్ ఉంచు రమణమ్మా. కుంటుతూ పోతా."

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు. సముద్రాన్ని తవ్వి కొండను పట్టింది నేనొక్కణ్ణే. ఇకమీదట రంగు చూడకుండా ఏ పటాన్నీ ముట్టననీ, ముట్టినా పెద్దల మోకాళ్ల జోలికి పోననీ ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.

నెల తర్వాత అంకుల్ ఆ మిల్లు గుమ్మంలో నిలబడి ఫోన్ చేశారు. అక్కడ ఎక్కవలసిన మెట్లు: రెండు.