అక్క మెడలో నల్ల ముత్యాలు

మా అక్క ఖతార్‌లో, అల్ ఖోర్ అనే ఊళ్ళో ఒక క్లినిక్‌లో నర్సు. నేనూ ఈ దేశంలోనే ఉంటాను. బావ పోయినప్పుడు మెడలోంచి తీసిన నల్లపూసల గొలుసు మళ్ళీ వేసుకోలేదు. మాది గోదావరి జిల్లాలో చర్చికి వెళ్ళే కుటుంబమే. అయినా పెళ్ళయితే నల్లపూసలు వేసుకోవాలి, మొగుడు పోతే తీసెయ్యాలి అన్న పట్టింపు మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఆ తర్వాత ఆమె మెడలో ఇంకే నగా పడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి ఖాళీ మెడ మీదికి పోనిచ్చి, ఏదో వెతుక్కునేది. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

ఇక్కడ సెలవు శుక్రవారమే, చర్చిలో ఆరాధనా ఆ రోజే. కిందటి చలికాలం ఒక శుక్రవారం, ఆరాధన అయ్యాక, నాకు చెవిపోగులు కొనాలని చెప్పి ఆమెను దోహాలో నగల బజారుకు లాక్కెళ్ళాను. దుకాణదారు ముందుగా పెద్ద నల్ల ముత్యాల దండ తీశాడు. ఒక్కోటీ ఉసిరికాయంత ఉంది.

"అమ్మో, ఇవేసుకుంటే మనిషి కనపడదే, ముత్యాలే కనపడతాయి," అంది అక్క.

అప్పుడతను చిన్నవి చూపించాడు. శనగగింజ కన్నా చిన్నవి, సన్నటి బంగారు గొలుసులో అక్కడక్కడా గుచ్చి ఉన్నాయి. చూడగానే నలుపే. లైటు కిందికి తిప్పితే మాత్రం ఆకుపచ్చ, ఊదా, నెమలి మెడ రంగు. ఇవి వాటంతటవి పుట్టినవి కావని, సముద్రంలో పెంచినవని అతను హిందీలో చెప్పాడు.

"మన చెరువుల్లో రొయ్యల్ని పెంచినట్టేగా!" అని అక్క పకపకా నవ్వింది. గొలుసు మెడలో పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "బరువే లేదే! డ్యూటీలో కాలర్ కింద ఉండిపోద్ది. నేత చీర మీదికీ బావుంటది." అంతలోనే మొహం చిన్నబోయింది. "కానీ దూరం నుంచి నల్లపూసల్లాగే ఉన్నాయే. ఎవరన్నా చూస్తే?"

"చూస్తే చూడనీ! వాళ్ళ సొమ్మేం పోయింది?"

అక్క గొలుసు తీసి ట్రేలో పెట్టేసింది. గుమ్మం దాకా వచ్చి, ఆగి, వెనక్కెళ్ళి తనే కొనుక్కుంది.

మరుసటి శుక్రవారం అది వేసుకుని చర్చికి వచ్చింది. ఆరాధన తర్వాత టీ తాగుతుంటే మా జిల్లా ఆవిడే ఒకావిడ మా వైపు వచ్చింది. దోహాలోనే అల్ మన్సూరా పేటలో కొడుకు దగ్గర ఉంటుంది, ఆవిడకీ భర్త లేడు, మెడ బోసిగానే ఉంటుంది. మేమంతా ఆంటీ అంటాం.

"ఏమ్మా, మళ్ళీ పెళ్ళి చేసుకున్నావా? నల్లపూసలేసేసుకున్నావు, మాకో మాటైనా చెప్పలేదు!" అంది నలుగురూ వినేలా.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా అక్క నా చెయ్యి నొక్కింది.

"పెళ్ళీ లేదు, పూసలూ కాదు ఆంటీ. ముత్యాలండీ. ఆయన పోయాక నా మెడకి ఇన్నాళ్ళకి ఒకటి కొనుక్కున్నాను. దగ్గరికొచ్చి చూడండి."

ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని, ఒక ముత్యాన్ని వేళ్ళతో కిటికీ వైపు తిప్పింది. చాలాసేపు వదల్లేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఇట్టాంటివి నాకు బావుంటాయంటావా?" అంది.

అక్క కొక్కెం విప్పి, అందరి ముందూ గొలుసు ఆవిడ మెడలో వేసింది. అది అక్కడున్నంతసేపూ అక్క చెయ్యి తన మెడ మీదికి పోలేదు.