పుంజు ఈకల గాలం

గోళ్లరంగు సీసా మూత తీస్తే ముక్కుకి కొట్టే ఘాటు, దానికి తోడు కోడి ఈకల పొడి వాసన. ఈ అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్‌లో నేను పని చేసే ఇంటి పెద్దాయన, మేమంతా బాబా అని పిలిచే ఆయన, గాలాలు కట్టుకునే గది నిండా ఇదే వాసన. బాబా చేపలు పట్టడానికి వెళ్లి రెండు రోజులైనా అది పోలేదు. ఈ పొద్దున బల్ల తుడుస్తుంటే చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయింది, మనసు మాత్రం కోనసీమలో మా కాలవగట్టు మీదికి వెళ్లి కూర్చుంది.

తొలకరి పడి, కాలవల్లోకి గోదావరి ఎర్రనీళ్లు వదిలి, బురద వాసనా కొత్త గడ్డి వాసనా ఊరంతా పరుచుకునే ఆ రోజుల్లో, కూలి లేని పూట మా అమ్మమ్మ మాణిక్యం తాటాకు గొడుగు కింద కూర్చుని గాలాలు కట్టేది. ముల్లుకి కొబ్బరిపీచు చుట్టి, దాని మీద పుంజు మెడ ఈకలు విచ్చుకునేలా అమర్చి, పాత రవిక అంచులోంచి లాగిన దారంతో బిగించి, ముడి ఊడకుండా, బాబా గోళ్లరంగు రాసే చోట తుమ్మజిగురు రాసేది. క్రిస్మస్‌కి కోసిన పుంజు మాంసం కొబ్బరిపాల అన్నంతో ఇంటిల్లిపాదీ తినేవాళ్లం గానీ ఈకలు మాత్రం ఆవిడవే, చింకి సంచిలో చూరుకి వేలాడేవి. ఊళ్లో తక్కిన వాళ్లు వానపాముల్నీ కప్పపిల్లల్నీ గుచ్చేవాళ్లు. అమ్మమ్మ మణికట్టు కాస్త ఆడిస్తే చాలు, ఆ ఈకలే నీటి మీద కప్పపిల్లలా గెంతేవి, గుర్రపుడెక్క కింద నుంచి కొర్రమేను చటుక్కున నోరు తెరిచేది.

నాకు పదేళ్లప్పుడు నేనూ గడ పడతానంటే మా మావయ్య సుందర్రావు చుట్ట పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"నీ గాలానికి తెగిన సెప్పులు పడతాయే బుజ్జీ. కొర్రమేను పడితే నా మీసం తీసేత్తాను."

"కత్తి నూరుకోరా," అంది అమ్మమ్మ, గడ నా చేతిలో పెడుతూ.

మూడు రోజులు గెంతించాను. మూడో రోజు సాయంత్రం నీళ్లు పగిలినట్టు చప్పుడైంది, గడ వంగిపోయింది, నా కాళ్లు మోకాళ్ల దాకా బురదలోకి జారాయి. అరుస్తూ, ఏడుస్తూ, ఎలా లాగానో తెలియదు గానీ, నా చెయ్యంత పొడవున్న నల్లటి కొర్రమేను గట్టు మీద పడి కొట్టుకుంది. అమ్మమ్మ దాన్ని చూడలేదు. అది లేచిన చోటు చూసింది. అక్కడ నీటి మీద ఎర్రటి చేపపిల్లలు గుంపుగా, దారి తప్పినట్టు తిరుగుతున్నాయి.

"పిల్లల్ని కాసుకుంటందే ఇది. వొదిలెయ్యి."

"మావయ్యకి సూపించి తెత్తాను అమ్మమ్మా!"

"నువ్వెళ్లొచ్చే లోపు ఆటిని తక్కిన సేపలు మింగేత్తాయి. వొదిలెయ్యమ్మా."

వదిలేశాను. అది పిల్లల కిందికి దూరి మాయమైంది. ఇంటికొచ్చి చెబితే మావయ్య మీసం మెలేశాడు. "పట్టి వొదిలేసిందంట! నేనూ నిన్న తిమింగలాన్ని వొదిలేశాను." పెళ్లై ఊరు దాటినా నన్నక్కడ 'వొదిలేసిన కొర్రమేను' అనే పిలిచారు.

అందుకే, బాబా ఏటా విమానమెక్కి ఎక్కడో ఉత్తరాన మంచు కరిగిన నదికి వెళ్లి, మన పులసలాగే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేపని ఈకల గాలంతో పట్టి మళ్లీ వదిలేస్తాడని విన్నప్పుడు, మేం మామా అని పిలిచే ఇంటావిడ ఎంత నవ్వినా నేను నవ్వలేదు. పైగా అప్పటికి రెండేళ్లుగా ఆయనకి ఒక్కటీ తగల్లేదు. మూడో ఏడు వేళ్లు వణికి ముడి పడక ఆయన విసుక్కుంటుంటే, "బాబా, నేను," అని దారం అందుకున్నాను. అమ్మమ్మ నేర్పిన ముడిని ఎన్నేళ్లైనా నా వేళ్లు మర్చిపోలేదు.

"షినూ హాదా?" ఇదేమిటి అన్నాడు.

"మా ఊరిది బాబా. ముంచకూడదు, గెంతించాలి," అని వచ్చిన అరబీలో చెప్పి, చీపురుపుల్లకి కట్టి గచ్చు మీద గెంతించి చూపించాను. మామా గుమ్మంలో నిలబడి, "ఇంట్లో ఒక మజ్నూన్ చాలనట్టు, పిచ్చివాళ్లు ఇద్దరయ్యారు," అంది.

రెండు వారాలకి బాబా తిరిగొచ్చి, పెట్టె కూడా దించకుండా ఫోన్ నా ముందు పెట్టాడు. బూడిదరంగు నీళ్లు, వెండిలా మెరిసే ఒళ్లు, పక్కన గులాబీ చార, దవడ మూల నా ఎర్ర ఈకలు. ఆయన వేళ్లు మెల్లగా ముల్లు తీశాయి, చేప ఒక్క తోకదెబ్బతో వెళ్లిపోయింది.

"ఖలాస్!" అని చప్పట్లు కొట్టాడు బాబా. మామా కూడా రెండుసార్లు చూసింది.

ఆ వీడియో మావయ్యకి పంపాను. మర్నాడు ఒక ఫోటో వచ్చింది. డెబ్బై దాటిన ముఖం, నున్నటి పైపెదవి. కింద మనవరాలి చేత రాయించిన మాట: "ఆ కొర్రమేను నిజమేనే బుజ్జీ. ఇన్నేళ్లూ అనవసరంగా మోశాను."

బాబా పెట్టెలో ప్రతి గాలానికీ ఒక గడి, గడి మీద దాని పేరు ఉంటాయి. కట్టినవాళ్లే పేరు పెట్టాలట. చిన్న చీటీ, పెన్ను నాకిచ్చాడు. శుక్రవారం సెలవుల్లో ఇక్కడి చర్చిలో నేర్చుకున్న తెలుగు అక్షరాలు అప్పటికింకా వంకరే. నాలిక కరుచుకుని, 'మాణిక్యం' అని రాశాను. ఆయన చదవలేడు. ఎవరని అడిగితే చెప్పాను, తల ఊపి ఆ చీటీని గడి మీద అంటించుకున్నాడు.

ఇప్పుడు మా కాలవ పక్కన అన్నీ రొయ్యల చెరువులే. గుర్రపుడెక్క ఉంది గానీ దాని కింద ఏమీ లేదు. చూరూ లేదు, ఈకల సంచీ లేదు, అమ్మమ్మ లేదు. గుడ్డ మడిచి, బాబా మర్చిపోయి వెళ్లిన ఆ గాలాల పెట్టె మూత తీశాను. తక్కిన గాలాలన్నీ వాటి గడుల్లోనే ఉన్నాయి. 'మాణిక్యం' గడి ఒక్కటే ఖాళీ. మరేం మర్చిపోయినా ఆయన దాన్ని మర్చిపోలేదు. ఈ వేళ ఆ చల్లటి నీటి మీద అమ్మమ్మ గెంతుతూ ఉంటుంది.