ఒట్టు వెయ్యని వరలక్ష్మి గారు

మొన్న యానాం దగ్గర ఒక పెళ్ళి భోజనానికి వెళ్ళాను. చెయ్యి కడుక్కుందామని లేస్తే కొళాయిలో చుక్క నీరు రాలేదు. పందిరి వెనకాల నిలబడ్డ ఒక పెద్దావిడ "ఇలా రండమ్మా" అని పిలిచి, బకెట్లో మగ్గు ముంచి నా చేతుల మీద నీళ్ళు పోసింది. చల్లటి నీళ్ళు, సబ్బు వాసన, కాళ్ళ కింద తడి మట్టి. నాకు తెలియకుండానే గొంతు తగ్గించి "చెప్పండి" అన్నాను. ఆవిడ మగ్గు ఆపి నా మొహంలోకి చూసి, "ఏం చెప్పమంటారండి? పెరుగు అందలేదా ఏంటి?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను, ఆ తర్వాత కళ్ళు కూడా తుడుచుకున్నాను. ఆ అలవాటు నాకు అంటించింది వరలక్ష్మి గారు.

మంచాన పడ్డవాళ్ళని ఇళ్ళకి వెళ్ళి చూసే ఒక చిన్న సంస్థ కాకినాడలో ఉండేది. అందులో ఆవిడ పెద్ద నర్సు. సోషల్ వర్క్ చదివి, అంతా నాకే తెలుసన్న పొగరుతో నేను కొత్తగా చేరాను. ఆవిడ మనిషి పొట్టి, నోరు పెద్దది. ఆటో ఎక్కింది మొదలు టీవీ సీరియళ్ళ కథలే. నాకు తల పగిలిపోయేది. ఇంత వాగే మనిషి కడుపులో ఎవరి రహస్యం మాత్రం నిలుస్తుంది అనుకునేదాన్ని. ఆ వాగుడు ఎందుకో కొన్నాళ్ళకి గాని నా బుర్రకి ఎక్కలేదు. ఊళ్ళో ఎవరైనా ఆటో ఆపి "ఆ ఇంట్లో సంగతేంటండి?" అని అడిగితే, "ఏముందండీ, ఆ సీరియల్లో కోడలు మళ్ళీ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది, చూశారా?" అని ఎత్తుకునేవారు. అడిగినవాళ్ళు అడిగిన సంగతే మర్చిపోయి, ఆ కోడలి మీద జాలిపడుతూ వెళ్ళిపోయేవారు.

రోగికి పుండ్లు కడిగి కట్టు కట్టాక, ఆ రోగిని చూసుకునే మనిషి వైపు తిరిగి "కాసిని నీళ్ళు పొయ్యమ్మా" అని పెరట్లోకి దారి తీసేవారు. ఇంట్లో కొళాయి ఉన్నా సరే అదే వరస. ముందుగదిలో చుట్టాలుంటారు, ఇరుగుపొరుగు ఉంటారు, అన్నిటికీ మించి మంచం మీద చెవులున్న మనిషి ఉంటాడు. అక్కడ ఏ ఆడకూతురు నోరు విప్పుతుంది? చేతుల మీద నీళ్ళు పోసేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడక్కర్లేదు, చేతుల వంక చూస్తే చాలు, అందుకే మాట పెగులుతుందని ఆవిడ నమ్మకం. "మంచం మీదున్న మనిషిని ఊరంతా పలకరిస్తుంది. పక్కనున్న మనిషిని ఎవరు పలకరిస్తారు, చెప్పు?" అనేవారు.

సముద్రం ఒడ్డున ఒక పల్లెలో రాణి ఉండేది. అది అసలు పేరు కాదు. ఈ సంగతి రాయనా అని ఈమధ్య తననే అడిగాను. "రాయండి. నాలాంటోళ్ళు తామే రాక్షసులనుకుంటారు, కాదని ఆళ్ళకి తెలియాలి. పేరు మాత్రం రాణి అని పెట్టండి, ఒక్కరైనా అలా పిలుస్తారు" అంది. మొగుడు బోటు మీద వేటకెళ్తే రోజుల తరబడి ఇంటికి రాడు. అత్తగారికి పక్షవాతం. రాత్రంతా అరుపులు. తెల్లవారకుండానే రాణి రేవుకెళ్ళి చేపలు కొని, తట్టలో పెట్టుకుని అమ్ముకురావాలి. ఆరోజు మేం వెళ్ళేసరికి ముసలావిడ మగతగా పడి ఉంది. పిలిస్తే కనురెప్ప బరువుగా లేచి మళ్ళీ వాలిపోయింది. వరలక్ష్మి గారు నాడి చూశారు, ఊపిరి చూశారు. "కాసిని నీళ్ళు పొయ్యమ్మా" అని లేచారు. తువ్వాలు పట్టుకుని నేనూ వెనకాల వెళ్ళాను.

రాణి మగ్గుతో నీళ్ళు పోస్తూ పోస్తూ, "ఒక మాట చెప్తానండి. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అంది. వరలక్ష్మి గారు చేతులకి సబ్బు రుద్దుకుంటూనే ఉన్నారు. రాణి నా వైపు తిరిగి అరచెయ్యి చాపింది. నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళబోయింది. ఏడుపు మొహంతో అలా చెయ్యి చాపితే ఎవరు వెయ్యరు?

"చెయ్యి వెనక్కి తియ్యి" అన్నారు వరలక్ష్మి గారు నాతో. తర్వాత రాణితో, "నేను ఒట్టు వెయ్యనమ్మా. నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. కానీ ఒక ప్రాణం మీదికి వచ్చేదైతే దాచను. దాచనని ముందు నీకే చెప్తాను. నీ వెనకాల ఏదీ చెయ్యను. ఇష్టమైతే చెప్పు" అన్నారు.

రాణి మొహం మాడిపోయింది. మగ్గు బకెట్లో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాటని పాడుచేసింది ఈవిడ అనుకున్నాను. వరలక్ష్మి గారు మాత్రం సబ్బు చేతులు ముందుకి చాపి అలాగే నిలబడ్డారు. బకెట్టు కాళ్ళ దగ్గరే ఉంది. నేను మగ్గు అందుకోబోతే తల అడ్డంగా ఊపారు. గాలికి సబ్బు ఆరిపోయి చేతులు సున్నం కొట్టినట్టయ్యాయి. అయినా కదల్లేదు.

చివరికి రాణి గుమ్మంలోంచి చూసింది. "ఇంకా అలాగే ఉన్నారేంటండి?" అంది.

"నువ్వు పొయ్యాలి కదమ్మా" అన్నారు.

నీళ్ళతో పాటు మాటలూ వచ్చేశాయి. "నిద్ర మాత్ర ఒకటే ఇమ్మన్నారండి డాక్టరు గారు. నేను ఎక్కువ ఏసేస్తన్నాను. నిద్దర లేక తట్టతో రోడ్డు మీద పడిపోతన్నానండి. పొద్దున లేపితే లేవలేదు. పోయిందనుకున్నాను." మళ్ళీ మగ్గు ముంచింది. "హమ్మయ్య అనిపించిందండి."

వరలక్ష్మి గారు తడి చేతులతోనే ఆమె భుజం పట్టుకున్నారు. "అనిపిస్తుందమ్మా. నిద్ర లేని మనిషికి ఏదైనా అనిపిస్తుంది. అనిపించింది నా దగ్గరే ఉండిపోతుంది. మాత్రల సంగతి మాత్రం డాక్టరు గారికి ఇప్పుడే చెప్పాలి. నువ్వే చెప్పు, నేను పక్కనుంటాను" అని తన ఫోన్ ఆమె చేతిలో పెట్టారు. రాణి అంతా చెప్పింది. డాక్టరు గారు తిట్టలేదు. వెంటనే కాకినాడ తీసుకురమ్మన్నారు. ఆసుపత్రి మంచం మీద అత్తగారు కోలుకుంటుంటే, పక్కన నేల మీద రాణి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మందు మార్చారు. ఇకమీదట ఏ వారానికి ఆ వారం మాత్రలు మేమే తెచ్చి ఇచ్చేలా ఏర్పాటు చేశారు.

కబురు తెలిసి తుని నుంచి ఆడపడుచు ఊగిపోతూ వచ్చింది. "మా వదిన ఏం చేసిందండి? మీకు చెప్పే ఉంటది" అని ఆసుపత్రి వరండాలో నిలదీసింది. ఇక్కడ సీరియల్ కథ పనిచెయ్యదని నాకు భయం వేసింది.

"మీ అమ్మగారికి మందు ఎక్కువైందండి, మార్చారు. ఇప్పుడు భయం లేదు. అది మీకు తెలియాలి, చెప్పాను. మీ వదిన తన కష్టం నాతో చెప్పుకుంది, అది నా దగ్గరే ఉంటుంది. రేపు మీరు చెప్పుకుంటే మీదీ అంతే" అన్నారు వరలక్ష్మి గారు. ఆ వెంటనే, "మీ వదిన కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్ళైందో అడిగారా ఎప్పుడైనా?" అన్నారు.

ఆడపడుచు లోపలికి వెళ్ళి, నేల మీద పడుకున్న వదిన్ని చాలాసేపు చూసింది. తర్వాత తల్లిని వంతులవారీగా చూసుకోవడం మొదలైంది. తునిలో కొన్నాళ్ళు, ఇక్కడ కొన్నాళ్ళు. ముసలావిడ ఆ తర్వాత కూడా బతికి, ఇద్దరినీ సమానంగా తిట్టింది.

ఇప్పుడు వరలక్ష్మి గారు రిటైరై రాజమండ్రిలో ఉంటున్నారు. భర్తకి మతిమరుపు జబ్బు. కట్టుకున్న భార్యనే "ఎవరండీ మీరు?" అని అడుగుతారు. పోయినేడాది చూడ్డానికి వెళ్ళాను. ఆయన వీపు మీద చిన్న పుండు ఉంటే కడిగి మందు రాశాను. హాల్లో వాష్ బేసిన్ ఉన్నా, ఆవిడ నన్ను పెరట్లోకి పిలిచారు. మగ్గు ముంచి పోశారు. నేను ఆ చేతుల వంకే చూస్తున్నాను. చిక్కిపోయాయి.

"ఒట్టు వెయ్యి" అన్నారు.

నాకు పని నేర్పిన మనిషి అలా అడుగుతుంటే ఏం చెయ్యను? "వెయ్యనండి" అన్నాను. "మీ వెనకాల మాత్రం ఏదీ చెయ్యను."

మగ్గు ఆగిపోయింది. నా చేతుల నిండా సబ్బు. నేను కదల్లేదు. చేతులు చాపుకుని అలాగే నిలబడ్డాను, నేర్పింది ఆవిడే కదా. సబ్బు ఆరడం మొదలయ్యాక మళ్ళీ నీళ్ళు పడ్డాయి.

ఆవిడ ఏం చెప్పారో ఇక్కడ రాయను. ఇంతవరకు రాసుకోమన్నారు, ఆపైది నేను అడగలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన దగ్గర నేను కూర్చుంటాను. వరలక్ష్మి గారు గోదావరి గట్టు మీదికి వెళ్ళి, ఎవరికీ ఏమీ చెయ్యకుండా కాసేపు ఊరికే కూర్చుని వస్తారు. నేను తిరిగి వెళ్ళేటప్పుడు పక్కింటావిడ గేటు దగ్గర కాపు కాసి, "ఆ ఇంట్లో సంగతేంటండి?" అని అడుగుతుంది. ఆ సీరియల్లో కోడలు తిరిగి ఇంటికి వచ్చేసిందని చెప్తాను.