ఫుల్ మీద నిలిచిన ముల్లు

1944లో చిత్తూరులో ఒక బెల్లం మండీ యజమాని దగ్గర కారు డ్రైవరుగా చేరాను. బండి చెడితే బాగుచేయడమూ నా పనే కాబట్టి హోదా డ్రైవర్-మెకానిక్. జీతం మాత్రం ఒట్టి డ్రైవరుదే.

యుద్ధకాలం. పెట్రోలు కూపన్లకే దొరికేది. డ్రైవర్లు గొట్టంతో లాగి అమ్ముకుంటారని యజమానులు ట్యాంకు మూతకు తాళం వేసేవారు. మా బండి తాళంచెవి మా యజమాని మొలతాడుకు వేలాడేది. పెట్రోలు ఎంతుందో కట్టె ముంచి, తడి చూసి చెప్పడం మా అలవాటు. తాళం వచ్చాక స్టీరింగు ముందుండే పెట్రోలు మీటరు ముల్లే దిక్కయింది.

ఆ ఏడు ఆయుధపూజకు ఆయన ట్యాంకు విప్పించి నల్లరంగు దట్టంగా కొట్టించాడు. మళ్లీ బిగించి స్విచ్చి వేస్తే ముల్లు ఫుల్ మీద నిలిచింది.

"కూపన్లాఫీసు కంటే అమ్మవారే మేలు సామీ, కూపను లేకుండానే నింపేసింది! ఒకసారి చెవి ఇస్తే కట్టె ముంచి సూస్తా" అన్నాను.

"ముల్లు సూపిస్తా ఉంటే కట్టె యాలరా? పెట్రోలు వాసన తగలకుంటే నీకు పొద్దు పోదా?" అని నవ్వాడు.

మరునాడే వాళ్ల నాయనకు పేగు మెలికపడింది. వేలూరులో వెంటనే ఆపరేషన్ జరగకపోతే బతకడని ఊరి డాక్టరు చెప్పాడు. వెనక సీట్లో పెద్దాయనను పడుకోబెట్టి బయలుదేరాం. కాట్పాడి ఇంకా రాకముందే ఇంజను దగ్గి ఆగింది. యజమాని తాళం తీశాడు. కట్టె పొడిగా వచ్చింది.

"యాలప్పా ఏడుస్తావు? నేను దిగి తోస్తాలే" అన్నాడు పెద్దాయన కొడుకుతో, మూలుగుతూనే. ఎవరం నవ్వలేదు.

చాలాసేపటికి దొరికిన ఎద్దులబండిలో ఎక్కించాం. పాలారు వంతెన దాటకముందే ఆయన పోయాడు.

తర్వాత కారు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు యజమాని స్విచ్చి వేసి చూశాడు.

"ఇది ఇంకా ఫుల్లే అంటా ఉండాది గదరా" అన్నాడు.

ట్యాంకులో తేలే బెండు కదలికను ముల్లుకు చేరవేసే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అది ట్యాంకు ఇనుమును తాకి ఉండాలి. దాన్నే ఎర్త్ అంటాం. ఆ రకం బండిలో మధ్యకు రంగు చేరి ఎర్త్ తెగితే ముల్లు ఫుల్ మీదికి పోతుంది. డబ్బా కింద రంగు గీకగానే ముల్లు ఖాళీ మీదికి పడిపోయింది.

ట్యాంకు విప్పి బిగించిన బండిలో ముల్లును నమ్మకూడదు, కట్టె ముంచి చూడాలి. మూతకు తాళమున్న బండి ఆ తర్వాత నేను తోలలేదు.