సోఫా కింది ఖర్జూరం

నేను టీవీలో కనపడ్డాను. ఈ మాట అన్నప్పుడల్లా మావాళ్ళు నవ్వు దాచుకోవడానికి దగ్గుతారు. దగ్గనివ్వండి.

కువైట్‌లో నేను ఒక టీవీ నాటకాల స్టూడియోలో ఫర్రాష్‌ని. అంటే టీలు, కాఫీలు అందించి, నేల తుడిచి, ఎవరి మీద చూపాలో తెలియని కోపం ఎవరికైనా వస్తే ఆ తిట్లు కూడా తినేవాణ్ణి. ఆ ఏడు బక్రీదుకు వేయడానికి అక్కడ ఒక హాస్య నాటకం తీశారు. అందులో ఒక లావుపాటి షేకు ఇంటికి ఇరాక్ నుంచి స్నేహితుడు వస్తాడు. షేకు అతన్ని వాటేసుకుని "మా ఇల్లు మీ ఇల్లే" అంటాడు. అప్పుడు నౌకరు కాఫీ, ఖర్జూరాలు తేవాలి. నౌకరు వేషగాడు ఆ రోజు రాలేదు. దర్శకుడు చుట్టూ చూస్తే చేతిలో నిజంగానే ట్రే పట్టుకుని నేనున్నాను.

వెళ్ళాను, వంగాను. పళ్లెం ఒరిగి ఒక ఖర్జూరం కింద పడింది. ఏం చేయాలో తోచక దాన్ని కాలితో సోఫా కిందికి తోసేసి, పెళ్ళిచూపుల పిల్లలా తల దించుకుని నిలబడ్డాను. స్టూడియో అంతా పగలబడి నవ్వింది. మళ్ళీ తీద్దామని ఎవరూ అనలేదు. నాలో గొప్ప నటుడున్నాడని ఆ రోజే నాకు తెలిసింది. మిగతావాళ్ళకు ఇప్పటికీ తెలియలేదు.

చిక్కేమిటంటే, పండగ నాటకాలు మావాళ్ళెవరూ చూడరు. పండగంటే యజమానుల ఇళ్ళకు చుట్టాలు దిగే రోజు. మగవాళ్ళు కార్లు నడుపుతూ, ఆడవాళ్ళు వంటింట్లో మాడిపోతూ ఉంటారు. నా భార్య బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పని చేసేది. నాటకం వస్తున్నంతసేపూ హాల్లో అందరూ నవ్వుతున్నారట, ఆమె లోపల మాంసం గిన్నె దగ్గర నిలబడి ఉంది. తర్వాత కలిసినప్పుడు సంగతి చెబితే నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్ను సూపిచ్చినారా? ఏంటికి?" అంది.

మళ్ళీ వేస్తారులే, అప్పుడు చూద్దువు గాని అన్నాను.

మళ్ళీ వేసింది ఇరాక్ వాళ్ళు. 1990 ఆగస్టులో సైన్యంతో వచ్చి దేశంతో పాటు టీవీని కూడా పట్టుకున్నారు. నాటకంలో కువైట్ జెండా కనిపించిన చోటల్లా, గోడ మీద రాజుగారి ఫోటో కనిపించిన చోటల్లా కోసేశారు. పోగా మిగిలింది నా సీను. కువైట్ షేకు తన నోటితోనే మా ఇల్లు మీ ఇల్లే అంటుంటే వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? అంత మర్యాదగా పిలిచాక రాకపోతే బాగుండదని వచ్చినట్టు, రోజూ వార్తలకు ముందూ అదే, తర్వాతా అదే.

మురిసిపోయే తీరిక మాత్రం నాకు లేదు. నా భార్య పనిచేసే ఇంటివాళ్ళు వేసవికి వేరే దేశం పోయి అక్కడే ఉండిపోయారు. సైనికులు ఆ ఇంట్లోని టీవీ, బీరువా ఎత్తుకుపోయారు. ఆమె పాస్‌పోర్టు, ఇఖామా అనే నివాస కార్డు ఆ బీరువాలోనే ఉన్నాయి. ఆమె ఒక్కతే వంటింటి గడియ వేసుకుని కూర్చుంది. మావాళ్ళంతా ఇరాక్ మీదుగా జోర్డాన్ పోయే బస్సులెక్కుతున్నారు. ఆమెను అల్ రాయ్‌లోని నా గదికి చేర్చుకుంటే మేమూ ఎక్కొచ్చు. కానీ దారిలో సైనికుల కాపలా ఉంది. కాగితాల్లేని ఆడవాళ్ళను ఆపి ఎటో తీసుకుపోతున్నారని విన్నాను.

అయినా వెళ్ళి తీసుకొచ్చాను. కాపలా దగ్గర ఒకడు ఆమెను ఇఖామా అడిగాడు. లేదంటే పక్కకు నిలబడమన్నాడు. నేను బతిమాలుతుంటే ఇంకొకడు నా మొహంలోకి వంగి చూసి, ఖర్జూరం అని అరిచి పకపకా నవ్వాడు. వాళ్ళ వెనక ఏ షోరూంలోంచి తెచ్చారో, కొత్త టీవీ మోగుతోంది.

చేసి చూపించమన్నారు. ట్రే బదులు డబ్బా మూత, ఖర్జూరం బదులు గులకరాయి ఇచ్చారు. ఒకడు ఇసుక బస్తా మీద షేకులా కూర్చున్నాడు. వెళ్ళాను, వంగాను, రాయి పడేశాను, కాలితో బస్తా కిందికి తోశాను, తల దించుకుని నిలబడ్డాను. వాళ్ళకు ముచ్చట తీరక మళ్ళీ మళ్ళీ చేయించారు. నా భార్య పక్కన నిలబడి కన్నార్పకుండా చూసింది. ఆమె ముందు నన్ను అలా ఆడించడం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చివరికి ఒకడు ఆమె వైపు చెయ్యి ఊపి యల్లా, ఇంక పొండి అన్నాడు. గది చేరుకుని, తర్వాత మేమూ జోర్డాన్ బస్సెక్కి ఊరు చేరాం.

యుద్ధం అయిపోయాక మళ్ళీ కువైట్‌కే వచ్చాం. బుద్ధి లేక కాదు, కడపలో పని లేక. ఒక పండగ వెళ్ళిన శుక్రవారం మధ్యాహ్నం అదే నాటకం వేస్తున్నారంటే గదినిండా జనాన్ని పోగేశాను. ఇరాక్ వాడితో మా ఇల్లు మీ ఇల్లే అనే సీను ఇంక కువైట్‌లో ఎవరు వేస్తారని కాస్త బుర్ర ఉన్నవాడికి తోచేది. నాకు తోచలేదు.

టీవీలో షేకు ఇంటి గంట మోగింది. షేకు తలుపు తీయడానికి లేచాడు. అంతే, మరుక్షణం బల్ల మీద కాఫీ కప్పులున్నాయి. నేను తెచ్చిన కప్పులే. వచ్చిన స్నేహితుడు లేడు, తెచ్చిన నేనూ లేను.

"ఆయ్, తవరు సోఫా ఎనకాల ఉండిపోయారాండీ?" అన్నాడు మా గదిలో ఉండే కోనసీమ డ్రైవరు. గదంతా గొల్లున నవ్వింది. నేనూ వాళ్ళతో పాటు నవ్వేద్దామనుకున్నాను గాని నవ్వు రాలేదు.

నా భార్య తలుపు దగ్గర గ్లాసులు కడుగుతోంది. టీవీలో ఆ సీను ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది.

"కోసేసినారు గానీ నేను సూసినా," అంది. "పళ్లెం వంకరగా పట్టుకోనుండె. ఖర్జూరం పడితే కాలితో లోపలికి తోసినాడు. ముందరే నిలబడుకోని సూసినా."

నవ్వులు తగ్గాయి. మరి బాగా చేశాడా అని డ్రైవరు ఆమెను అడిగాడు.

"బాగా చేసినాడు కాబట్టే నేనీడుండా," అని మళ్ళీ గ్లాసుల దగ్గరికి వెళ్ళింది.